ఎనిమిది నెలలు ఆగి వేసిన ఇంజెక్షన్: ఒక తీవ్ర ఆస్తమా కేసు

మొదటి రోజు ఆవిడ కుర్చీలో సర్దుకోకముందే కూతురు తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "డాక్టర్ గారూ, అమ్మకి ఈ ఇంజెక్షన్ పనికొస్తుందా?" తీవ్రమైన ఆస్తమాకి నెలకోసారి వేసే, వాపు సంకేతాల్ని అడ్డుకునే బయాలజిక్ మందు గురించిన వీడియో అది.

ఆ ప్రశ్నకి "వేద్దాం" అని చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అందులో మూడు నెలలు ఆగాల్సినవే. నాలుగు నెలలు నా పొరపాటు వల్ల పోయాయి. మిగిలిన నెల పరీక్షలకీ కాగితాలకీ సరిపోయింది. ఈ లెక్క కోసమే కేసు రాస్తున్నాను. ఆవిడ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

వయసు నలభైల్లో. రోజంతా గొంతు వాడాల్సిన ఉద్యోగం. చిన్నప్పుడు ఆయాసం, పిల్లికూతలు లేవు. ముప్పై దాటాక ముందు ముక్కు దిబ్బడ మొదలైంది, తర్వాత వాసన తెలియడం తగ్గింది, ఆ తర్వాత రెండేళ్లకి దగ్గు, ఆయాసం. ఈ వరస గుర్తుపెట్టుకోండి. నేను మొదటి రోజే రాసుకున్నాను, కానీ దాని అర్థం పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది.

పొగతాగే అలవాటు లేదు. నొప్పి మాత్రలు వేసుకుంటే ఆయాసం రావడం లేదు. బీపీకి గానీ కళ్లకి గానీ బీటా బ్లాకర్ మందులు వాడటం లేదు. కంటి చుక్కల సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే పేషెంట్లు వాటిని మందుల లెక్కలో చెప్పరు. గ్లాకోమాకి వేసే టిమొలాల్ చుక్కలు కూడా శ్వాసనాళాలను బిగించగలవు.

వచ్చినప్పటి పరిస్థితి

అంతకుముందు ఏడాదిలో ఐదుసార్లు ఎటాక్ తిరగబెట్టి ప్రెడ్నిసొలోన్ (మింగే స్టిరాయిడ్ మాత్ర) కోర్సులు వాడారు. ఒకసారి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. చివరి నాలుగు నెలలుగా రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మీదే నడుస్తున్నారు. దీనికి తోడు పీల్చే స్టిరాయిడ్ ఫ్లూటికాసోన్ 250, నాళాలు తెరిచే సాల్మెటరాల్ 25 కలిపిన ఇన్హేలర్ రెండు పూటలా రెండేసి పఫ్‌లు, టయోట్రోపియం, రాత్రిపూట మాంటెలుకాస్ట్. కాగితం మీద చూస్తే వాడాల్సినవన్నీ వాడుతున్నట్టే ఉంది.

ఆస్తమా కంట్రోల్ టెస్ట్ స్కోరు 9. ఇది 5 నుంచి 25 వరకు ఉంటుంది, 20 కన్నా తక్కువుంటే ఆస్తమా అదుపులో లేనట్టు. స్పైరోమెట్రీలో ఎఫ్‌ఈవీ-1, అంటే మొదటి సెకనులో బయటికి ఊదగలిగే గాలి, 1.45 లీటర్లు. ఆవిడ వయసుకీ ఎత్తుకీ ఉండాల్సిన దాంట్లో 54 శాతం. నాళాలు తెరిచే మందు ఇచ్చాక 1.68 లీటర్లకి పెరిగింది. అంటే ఇది ఆస్తమాయే అనడానికి ఆధారం ఉంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే సంఖ్య. ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ ఇన్హేలర్ నెలకొకటి అయిపోతోంది. ఏడాదికి 12 లేదా అంతకన్నా ఎక్కువ వాడేవాళ్లలో ఆస్తమాతో ప్రాణం పోయే ప్రమాదం పెరుగుతుందని తెలిసిన విషయమే. ఆవిడ దాన్ని మంచి మందుగా చూస్తున్నారు, ఎందుకంటే వెంటనే ఉపశమనం ఇచ్చేది అదొక్కటే.

ఆ రోజు నేను చేసిన ఇంకో పని స్టిరాయిడ్ లెక్క వేయడం. ఐదు కోర్సులు, ఒక్కోటి రోజుకి 40 మిల్లీగ్రాముల చొప్పున ఏడు రోజులు: 1,400 మిల్లీగ్రాములు. రోజూ 10 చొప్పున నాలుగు నెలలు: దాదాపు 1,200. ఒక్క ఏడాదిలోనే 2,600 మిల్లీగ్రాములు. జీవితకాలంలో నాలుగైదు చిన్న కోర్సులు వాడినవాళ్లలోనే షుగర్, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు లాంటివి పెరగడం మొదలవుతాయి. ఆవిడ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.3, ఎముకల సాంద్రత అప్పటికే తగ్గుముఖంలో ఉంది. ఈ లెక్క ఆవిడకి కాగితం మీద చూపించాను. "ఈ మాత్ర వల్లేగా బతికున్నాను" అన్నారు. అదీ నిజమే.

మొదటి నిర్ణయం: ఇంజెక్షన్ అప్పుడే వద్దు

కూతురికి ఈ జవాబు నచ్చలేదు. "ఇంకా ఎంత ముదిరితే వేస్తారండీ?" అని అడిగింది. ఆ అమ్మాయి కోపంలో న్యాయం ఉంది. అయినా నా ఆలోచన ఇది.

అదుపులోకి రాని ఆస్తమా అంతా తీవ్ర ఆస్తమా కాదు. మందు ఎక్కువ మోతాదులో, సరైన పద్ధతిలో, క్రమం తప్పకుండా లోపలికి వెళ్తున్నా, పక్కనున్న ఇతర జబ్బుల్ని సరిచేసినా అదుపు తప్పుతుంటేనే, లేదా మోతాదు తగ్గించగానే తిరగబెడుతుంటేనే దాన్ని తీవ్ర ఆస్తమా అంటాం. మిగతావన్నీ 'కష్టంగా లొంగే' కేసులు. లొంగకపోవడానికి కారణం ఇన్హేలర్ పట్టుకునే తీరులో ఉండొచ్చు, ముక్కులో ఉండొచ్చు, స్వరపేటికలో ఉండొచ్చు. అలాంటివాళ్లకి బయాలజిక్ వేస్తే రెండు రకాలుగా మోసపోతాం. కొంతమందిలో నెలనెలా క్లినిక్‌కి రావడం మొదలయ్యాక ఇన్హేలర్ కూడా సరిగ్గా వాడతారు, పేరు ఇంజెక్షన్‌కి వస్తుంది. కొంతమందిలో మందు పనిచేయదు, 'ఇది కూడా అయిపోయింది' అని ఆశ వదిలేస్తారు.

ఇన్హేలర్ వాడి చూపించమన్నాను. "ఎలా వాడాలో తెలుసా?" అని అడిగితే అందరూ తెలుసనే అంటారు, అందుకే ఆ ప్రశ్న అడగను. ఆవిడ నొక్కడం, గట్టిగా గభాల్న లాగడం, వెంటనే వదిలేయడం, అంతా రెండు సెకన్లలో అయిపోయింది. గట్టిగా వేగంగా లాగాల్సింది పొడి ఇన్హేలర్‌ని. ప్రెషర్‌తో వచ్చే ఈ రకానికి నెమ్మదిగా, లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. ఆవిడ పద్ధతిలో మందు చాలావరకు గొంతు వెనక గోడకే కొట్టుకుంటోంది.

తర్వాత ఇన్హేలర్ వెనకనున్న డోసుల కౌంటర్ చూశాను. రోజుకి నాలుగు పఫ్‌లు, 120 డోసులు, కాబట్టి 30 రోజులకి సున్నా అవ్వాలి. డబ్బా కొన్న రోజు నుంచి లెక్క వేస్తే ఒక్కోటి ఏడు వారాలు వస్తోంది. అంటే అరవై శాతం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే వాడుతున్నారు.

ఇక్కడ కోప్పడితే కేసు అక్కడితో ముగిసిపోయేది. "రోజులో ఏ పూట ఎక్కువ కుదరడం లేదమ్మా?" అని మాత్రం అడిగాను. ఉదయం పూట అన్నారు. ఎందుకని? "వేసుకున్న రోజు గొంతు బొంగురుపోతుంది డాక్టర్ గారూ. బొంగురు గొంతుతో నా ఉద్యోగం ఎలా చేయను?" మందు గొంతులో పడటం వల్ల బొంగురు, బొంగురు వల్ల ఉదయం డోసు మానేయడం, దానివల్ల ఎటాక్, ఎటాక్‌కి ప్రెడ్నిసొలోన్. ఐదేళ్లుగా తిరుగుతున్న ఈ చక్రం గురించి ఆవిడని ఎవరూ అడగలేదు, ఆవిడగా చెప్పుకోలేదు.

ఇన్హేలర్ మూతికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్ ఇచ్చాం. దాంతో గొంతులో పడే మందు బాగా తగ్గుతుంది. ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయడం నేర్పించాం. ముక్కుకి ఉప్పునీటి కడుగుడు, స్టిరాయిడ్ స్ప్రే. ఛాతీ సీటీలో శ్వాసనాళాలు వాచిపోయి సాగిన జాడలు లేవు. ఆస్పర్జిల్లస్ ఫంగస్‌కి అలర్జీ లేదు. రక్తనాళాల వాపు జబ్బు కోసం చేసిన ఆంకా పరీక్ష నెగెటివ్. స్వరపేటిక అనవసరంగా బిగుసుకునే సమస్య కూడా ఆస్తమాలాగే కనిపిస్తుంది కాబట్టి ఈఎన్‌టీ డాక్టర్ చేత చూపించాం, అది లేదు. ముక్కులో రెండు వైపులా పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) మాత్రం ఉన్నాయి.

మూడు నెలలకి స్కోరు 9 నుంచి 13కి వచ్చింది. ఎఫ్‌ఈవీ-1 1.56 లీటర్లు, అంటే 58 శాతం. కౌంటర్ లెక్క ఇప్పుడు సరిగ్గా ఉంది. సాల్బుటమాల్ వాడకం సగానికి తగ్గింది. ప్రెడ్నిసొలోన్ 10 నుంచి 7.5కి తగ్గించి చూశాం. మూడో వారంలోనే ఎటాక్. మళ్లీ కోర్సు, మళ్లీ 10.

ఈ మూడు నెలల గురించి నాకు పశ్చాత్తాపం లేదు. మెరుగుదల కొంత వచ్చింది, రానిదెంతో కూడా తేలింది. మందు సరిగ్గా వెళ్తున్నా అదుపు తప్పుతోంది కాబట్టి ఇప్పుడు దీన్ని తీవ్ర ఆస్తమా అనొచ్చు.

నా పొరపాటు

బయాలజిక్ మందులు ఒకటి కాదు, ఒక్కోటి ఒక్కో దారిని అడ్డుకుంటుంది. ఎక్కువ భాగం టైప్-2 అనే రకం వాపు మీద పనిచేస్తాయి. ఆ వాపుకి గుర్తులు రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ (దీన్ని ఫెనో అంటాం), అలర్జీ. మైక్రోలీటర్ రక్తంలో ఈసినోఫిల్స్ 150 లేదా ఎక్కువ, ఫెనో 20 పీపీబీ లేదా ఎక్కువ ఉంటే ఈ రకం అని అనుమానిస్తాం.

ఆవిడ ఈసినోఫిల్స్ 70. నెల తర్వాత మళ్లీ చేయిస్తే 90. రెండుసార్లు కొలిచాను కదా అని ధీమా. ఫైల్లో 'టైప్-2 కాదు' అని రాశాను.

ఫెనో 41 వచ్చింది. ఇన్హేలర్ సరిగ్గా వాడకపోతే ఫెనో పెరుగుతుంది, అప్పటికి ఆవిడ సరిగ్గా వాడటం లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. అది తప్పు కాదు. మూడు నెలలు ఇన్హేలర్ సరిగ్గా వాడాక మళ్లీ చేస్తే 36 వచ్చింది. రోజూ ప్రెడ్నిసొలోన్ మింగుతూ, స్పేసర్‌తో పూర్తి మోతాదు పీలుస్తూ ఉన్న మనిషికి 36. అప్పుడు నేను ఆగి ఆలోచించాల్సింది. "ఇంకా కొన్ని డోసులు మానేస్తున్నారేమో" అనుకున్నాను. కౌంటర్ లెక్క సరిగ్గా ఉందని నా చేత్తోనే రాసిన పేజీ అదే ఫైల్లో ఉంది. ఒకసారి పేషెంట్ మీద పడిన ముద్ర అంత తేలిగ్గా పోదు, డాక్టర్ బుర్రలోంచి అయినా సరే.

'టైప్-2 కాదు' అనుకున్నాక నాకు తోచిన దారి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్. వారానికి మూడుసార్లు 500 మిల్లీగ్రాములు దీర్ఘకాలం వాడితే ఎటాక్‌లు తగ్గుతాయని 2017లో వచ్చిన అమేజెస్ ట్రయల్ చూపించింది. ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె లయకి ప్రమాదం ఉందేమో చెప్పే కొలత) చూసి, కఫంలో క్షయ జాతి క్రిములు లేవని నిర్ధారించుకుని మొదలుపెట్టాను. మందు ఎంపిక అర్థంలేనిది కాదు, దానికి దారితీసిన లెక్కే తప్పు. నాలుగు నెలల్లో స్కోరు కదల్లేదు. ఒక ఎటాక్ వచ్చింది. చివరి వారాల్లో చెవుల్లో హోరు మొదలైంది, మందు ఆపేశాను.

పాలిప్స్ తిరిగి చూసిన ఈఎన్‌టీ డాక్టర్ ఆ వారంలోనే ఫోన్ చేశారు. "ఈ ముక్కు చూసినవాళ్లెవరూ ఈసినోఫిల్స్ లేవంటే నమ్మరండీ. మీరు ఎప్పుడు కొలిచారు?" అన్నారు.

ఎప్పుడు కొలిచాను? ప్రెడ్నిసొలోన్ మీద ఉండగా. ప్రెడ్నిసొలోన్ మింగిన కొన్ని గంటల్లోనే రక్తంలో ఈసినోఫిల్స్ పడిపోతాయి. ఇది మెడికల్ స్టూడెంట్‌కి కూడా తెలుసు, నేనే ఎన్నోసార్లు చెప్పాను. కొలిచింది రెండుసార్లయినా ఆ రెండుసార్లూ ముసుగు మీదే కొలిచాను. మాత్ర ఆపి కొలవడం ఆవిడ విషయంలో ప్రమాదం. పాత రక్తపరీక్షల్లో వెతకొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇంట్లో ఉన్న ప్రతి రిపోర్టూ తెమ్మన్నాను. కూతురు రెండు సంచులు తెచ్చి తేదీల వారీగా పేర్చింది. రెండేళ్ల కిందటి మామూలు హెల్త్ చెకప్, ఆ రోజుల్లో స్టిరాయిడ్ మాత్రలు వాడటం లేదు: తెల్లకణాలు 9,200, ఈసినోఫిల్స్ 8 శాతం. 8 శాతమే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. గుణిస్తే 736. ఆస్పత్రిలో చేరిన రోజు, ఎమర్జెన్సీలో స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వకముందు తీసిన రక్తం: 10,500లో 6 శాతం, అంటే 630.

ఇప్పుడు మొదటి రోజు రాసుకున్న వరస చూడండి. పెద్దయ్యాక మొదలవడం, ముక్కు దిబ్బడ, వాసన పోవడం, పాలిప్స్, ఆ తర్వాత ఆయాసం. ఈసినోఫిల్స్ నడిపించే ఆస్తమాకి ఇంతకన్నా సూటి కథ ఉండదు. కథ సరిగ్గానే చెప్పింది, నేను సంఖ్యని నమ్మాను.

మరుసటి విజిట్‌లో ఆవిడకి, కూతురికి ఇద్దరికీ చెప్పాను: "నాలుగు నెలల కిందటే ఈ రిపోర్టులు అడగాల్సింది. అడగలేదు. పొరపాటు నాది." కూతురు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం, "ఇప్పుడు ఏం చేద్దామండీ?" అన్నారు.

ఏ ఇంజెక్షన్?

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే పేషెంట్లు 'కొత్త ఇంజెక్షన్' అని ఒకే మందులా మాట్లాడతారు.

అన్నిటికన్నా ముందు వచ్చింది ఒమాలిజుమాబ్, అమెరికాలో 2003లో అనుమతి. ఇది అలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీని పట్టుకుంటుంది. ఆవిడ ఐజీఈ 212, మోతాదు పట్టికలో ఇమిడే అంకే. కానీ చర్మ పరీక్షలో ధూళి పురుగుకి కొద్దిగా తప్ప దేనికీ స్పందన లేదు, చిన్ననాటి అలర్జీ చరిత్ర లేదు. కాబట్టి ఇది నా మొదటి ఎంపిక కాదు.

మెపొలిజుమాబ్ ఐఎల్-5 అనే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఈసినోఫిల్స్ పుట్టడానికీ బతకడానికీ ఆ సంకేతమే ఆధారం. నాలుగు వారాలకోసారి 100 మిల్లీగ్రాములు చర్మం కింద వేస్తారు. బెన్రాలిజుమాబ్ అదే దారిలో ఆ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌ని పట్టుకుని ఈసినోఫిల్స్‌ని దాదాపు తుడిచేస్తుంది. మొదటి మూడు డోసులు నాలుగు వారాలకోసారి, తర్వాత ఎనిమిది వారాలకోసారి. డుపిలుమాబ్ ఐఎల్-4, ఐఎల్-13 దారుల్ని మూస్తుంది, రెండు వారాలకోసారి. పాలిప్స్‌కి కూడా బాగా పనిచేస్తుంది. టెజెపెలుమాబ్ ఇంకా పైనున్న టీఎస్‌ఎల్‌పీ అనే సంకేతాన్ని ఆపుతుంది, ఈసినోఫిల్స్ తక్కువున్నవాళ్లలో కూడా ఎటాక్‌లు తగ్గిస్తుంది. కానీ ఆవిడకి అన్నిటికన్నా ముఖ్యం మింగే స్టిరాయిడ్ తగ్గించడం. ఆ విషయం తేల్చడానికి చేసిన సోర్స్ ట్రయల్‌లో టెజెపెలుమాబ్ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు.

కాబట్టి నిజమైన పోటీ మూడింటి మధ్య. డుపిలుమాబ్ మీద ఉండగా కొందరిలో ఈసినోఫిల్స్ రక్తంలో పెరుగుతాయి. ముందే 736 ఉన్న మనిషికి ప్రెడ్నిసొలోన్ తగ్గిస్తూ దాన్ని మొదలుపెట్టడం నిషేధం కాదు గానీ నాకు మనసొప్పలేదు. మెపొలిజుమాబ్ విషయంలో 2014లో వచ్చిన సిరియస్ ట్రయల్ సరిగ్గా ఇలాంటి పేషెంట్లతోనే చేశారు. రోజూ స్టిరాయిడ్ మాత్ర వాడే 135 మంది, 24 వారాలు. మందు వేసుకున్నవాళ్లలో మాత్ర మోతాదు మధ్యస్థంగా 50 శాతం తగ్గింది, ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వాళ్లలో తగ్గలేదు. బెన్రాలిజుమాబ్‌కీ ఇలాంటి మంచి ఆధారమే ఉంది. ఈ మందుల్ని ఒకదానితో ఒకటి నేరుగా పోల్చి తేల్చిన పెద్ద ట్రయల్ నా చేతిలో లేదు. ఆవిడకి ఇదే చెప్పి, నెలనెలా క్లినిక్‌కి వస్తే మాత్ర తగ్గించడం నా కళ్లముందు జరుగుతుందని మెపొలిజుమాబ్ ఎంచుకున్నాం.

ఈ మందుకి ఒక చరిత్ర ఉంది, అది నా పొరపాటుకి అద్దం పడుతుంది. 2007లో వచ్చిన ట్రయల్‌లో ఈసినోఫిల్స్ చూడకుండా ఆస్తమా ఉన్నవాళ్లకి ఇచ్చారు, ఉపయోగం కనపడలేదు. 2009లో రెండు చిన్న అధ్యయనాల్లో కఫంలో ఈసినోఫిల్స్ ఉన్నవాళ్లని ఏరి ఇస్తే ఎటాక్‌లు తగ్గాయి. అదే మందు 2015లో అనుమతి పొందింది. మధ్యలో మారింది ఎవరికి ఇవ్వాలన్న ఆలోచన మాత్రమే.

మొదలుపెట్టే ముందు రాసుకున్న ఒప్పందం

ఈసినోఫిల్స్‌ని అణిచే మందు కాబట్టి ముందు పురుగుల ఇన్ఫెక్షన్ లేదని మల, రక్త పరీక్షలతో నిర్ధారించుకున్నాం. స్టిరాయిడ్ వాడేవాళ్లలో స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ప్రాణాంతకం కాగలదు, కాబట్టి ఈ పరీక్ష ఎలాగూ చేయాల్సిందే.

తర్వాత గంటసేపు కూర్చుని మాట్లాడాం. అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టిన మాట: ఇది ఆస్తమాని నయం చేయదు, ఇన్హేలర్లు మానడానికి లేదు. రెండోది, ఏం జరిగితే పనిచేసినట్టు, ఏం జరిగితే ఆపేయాలి అన్నది ఇంజెక్షన్ వేయకముందే రాసుకోవాలి. వేశాక రాసుకుంటే ఆశ లెక్కల్ని వంచేస్తుంది. నెలనెలా పొడిపించుకుంటున్న మందు పనిచేయడం లేదని ఒప్పుకోవడం పేషెంట్‌కి కష్టం, వేసిన డాక్టర్‌కి ఇంకా కష్టం.

ఆవిడ ఏం కావాలనుకుంటున్నారని అడిగాను. "మధ్యలో ఆగకుండా ఒక పూటంతా మాట్లాడాలి" అన్నారు. దాన్నే మొదటి వరసలో రాశాం. దాని కింద నా లెక్కలు: నాలుగో నెలకి ప్రెడ్నిసొలోన్ కనీసం సగానికి రావాలి, ఎటాక్‌లు తగ్గాలి, స్కోరు కనీసం 3 పెరగాలి. ఏదీ జరగకపోతే ఆపేసి ఇంకో దారి మందుకి మారతాం. కొన్ని జరిగి కొన్ని జరగకపోతే ఏడాది దాకా చూస్తాం. రక్తంలో ఈసినోఫిల్స్ తగ్గడాన్ని మాత్రం ఈ లెక్కలో వేయకూడదని స్పష్టంగా రాశాను. ఈ మందు వేస్తే అవి దాదాపు అందరిలో తగ్గుతాయి, ఆస్తమా బాగుపడినా పడకపోయినా.

జరిగింది

మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒక రోజు తలనొప్పి. అంతకుమించి ఇబ్బంది లేదు.

నాలుగో నెల విజిట్‌కి ఆవిడ నీరసంగా వచ్చారు. స్కోరు 16. ఎఫ్‌ఈవీ-1 1.62 లీటర్లు, అంటే పెద్దగా కదల్లేదు. ఎటాక్ ఒక్కటీ లేదు. ప్రెడ్నిసొలోన్ 5 దగ్గరుంది. "ఇంతేనా డాక్టర్ గారూ?" అన్నారు. వీడియోలో చూసినవాళ్లు రెండో డోసుకే పరిగెడుతున్నారు మరి. నాకూ మనసులో బెన్రాలిజుమాబ్‌కి మార్చేద్దామా అనిపించింది. కాగితం తీసి చూశాం. రాసుకున్న మూడు లెక్కలూ దాటాయి. కాగితం లేకపోతే ఆ రోజు ఇద్దరం కలిసి పనిచేస్తున్న మందుని మార్చేసేవాళ్లం.

ఐదో నెలలో ఫోన్ వచ్చింది. ఒళ్లు నొప్పులు, తల తిరగడం, మంచం దిగలేనంత అలసట. "ఆస్తమా మళ్లీ వచ్చేసింది, మాత్ర పెంచేస్తున్నాను" అన్నారు. పెంచే ముందు రమ్మన్నాను. ఛాతీలో పిల్లికూతలు లేవు, ఊదే సామర్థ్యం తగ్గలేదు. మర్నాడు పొద్దున్నే, మాత్ర వేసుకోకముందు రక్తం తీసి చూస్తే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే సహజ స్టిరాయిడ్) డెసిలీటర్‌కి 2.8 మైక్రోగ్రాములే, చాలా తక్కువ. ఏడాది దాటి ప్రెడ్నిసొలోన్ మింగడంతో అడ్రినల్ గ్రంథులు తమ పని మర్చిపోయాయి. అలసట అక్కడి నుంచి వస్తోంది, ఊపిరితిత్తుల నుంచి కాదు.

దీన్ని ఆస్తమా అనుకుంటే మాత్ర తిరిగి 20కి వెళ్లేది, ఇంజెక్షన్ విఫలమైందని రాసేవాళ్లం. 5 దగ్గరే ఆపి, జ్వరం వచ్చినా వాంతులైనా మోతాదు ఎలా పెంచాలో కార్డు మీద రాసిచ్చాం. ఏడో నెల నుంచి నెలకి ఒక్కో మిల్లీగ్రాము చొప్పున తగ్గించాం. పదకొండో నెలలో సున్నా. పన్నెండో నెలలో కార్టిసాల్ మామూలుకి వచ్చింది.

ఏడాది పూర్తయ్యేసరికి ఎటాక్ ఒక్కటే, అదీ జలుబుతో వచ్చి ఇంట్లోనే తగ్గింది. స్కోరు 21. ఎఫ్‌ఈవీ-1 1.78 లీటర్లు, 66 శాతం. పూర్తిగా మామూలు కాలేదు. ఇన్నేళ్ల వాపుతో గోడలు మందమైపోయిన నాళాలు పూర్తిగా తెరుచుకోకపోవచ్చని ముందే చెప్పాను. హెచ్‌బీఏ1సీ 5.8. వాసన కొద్దిగా తిరిగొచ్చింది, ఒక రోజు స్నానం చేస్తుంటే సబ్బు వాసన తెలిసిందట. ఆవిడ స్కోరు కన్నా ముందు చెప్పింది ఆ సంగతే.

దీని తర్వాత నా క్లినిక్‌లో మారినవి

ప్రెడ్నిసొలోన్ వాడుతున్న ఎవరి ఈసినోఫిల్స్ రిపోర్టు మీదా ఇప్పుడు ఒక్క మాట రాస్తాం: 'మాత్ర మీద'. ఆ మాట ఉంటే తక్కువ అంకెని ఎవరూ తుది తీర్పుగా తీసుకోరు. మాత్ర మోతాదు తగ్గినప్పుడు, లేదా చిన్న కోర్సు ముగిసిన ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ చేస్తాం, మూడుసార్ల దాకా. పాత రిపోర్టులన్నీ మొదటి విజిట్‌కే తెమ్మంటాం. శాతం రాసున్న చోట గుణించి చూస్తాం.

మొదటి మూడు నెలల పనిని మాత్రం ఇప్పటికీ అలాగే చేస్తున్నాను, పేషెంట్ ఎంత తొందరపడినా. ఒక మార్పు ఉంది. ముందు ఇన్హేలర్ సరిచేసి, అది చాలకపోతే బయాలజిక్‌కి కావాల్సిన మిగతా పరీక్షలు మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు రెండూ ఒకే రోజు మొదలవుతాయి. ఆవిడ విషయంలో అలా చేసుంటే మూడో నెల చివరికే జవాబు చేతిలో ఉండేది.

పద్దెనిమిదో నెలలో ఆవిడ అడిగారు: "ఇంక ఇంజెక్షన్ ఆపేద్దామా?" కామెట్ అనే అధ్యయనంలో మెపొలిజుమాబ్‌ని కనీసం మూడేళ్లు వాడినవాళ్లలో కొందరికి ఆపి చూశారు, ఆపినవాళ్లలో ఎటాక్‌లు పెరిగాయి. అది చెప్పి, తగ్గించాల్సినవి వేరే ఉన్నాయన్నాను. మాంటెలుకాస్ట్ తీసేశాం. తర్వాత టయోట్రోపియం గురించి ఆలోచిస్తాం. పీల్చే స్టిరాయిడ్ మోతాదు ఆ తర్వాతే, అదీ సగం దాకా తగ్గించడమే, మానడం లేదు.

కౌంటర్ ఇప్పటికీ ప్రతి విజిట్‌లో చూస్తాను. మొన్న 36 ఉండాల్సిన చోట 40 ఉంది. నేను అడగకముందే ఆవిడే అన్నారు, "ఒక రోజు మర్చిపోయానండీ. గొంతు వల్ల కాదు."